ఆక్సొలాటల్‌కు క్యాను నీళ్లు

ముప్పై మూడేండ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరైనదాన్ని నేను. ఎనుములు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, కుక్కలు, ఒకసారి సర్కసు ఒంటె. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. ఏ దూడ అడ్డం తిరిగిన కాన్పో చెప్తానని నోట్‌బుక్కు తెరుచుకుంటారు. నేను జానెడు పొడుగున్న ఒక తెల్ల నీటిజీవి కథ మొదలుపెడతాను. వెంటనే నోట్‌బుక్కు మూసేస్తారు. మూయొద్దండి నాయనా. ఆ కేసులో నేను చేసిన తప్పు మీకు ముందు ముందు పనికొస్తుంది.

నేను రిటైరయ్యే ముందరి ఎండాకాలం అది. కడపలో పొద్దున తొమ్మిదికే మా ఆసుపత్రి రేకుల షెడ్డు కింద నిలబడలేకపోయేవాళ్లం. ఆ రోజు వరసలో నాలుగు మేకలు, ఒక కుక్క, వాటి వెనకాల తెల్లచొక్కా వేసుకున్న భారీ మనిషొకడు ఉన్నారు. ఆయనకు యాభై ఏండ్లుంటాయి. మెలేసిన మీసం, ఆ మీసానికి తగ్గ గొంతు. రెండు చేతులతో పెద్ద హాట్‌బాక్సు పట్టుకొని ఉన్నాడు, పెండ్లిళ్లలో అన్నం చల్లారకుండా పెడతారే, అది. ఈ మనిషి మాకు భోజనం తెచ్చినాడేమో అనుకున్నా.

మా అటెండరు ఆ మూత తెరిచి రెండడుగులు వెనక్కి దూకినాడు.

"మేడమ్! తెల్లతొండ! చెవుల కాడ ఈకలు మొలిచినాయి!"

మా అటెండరు కడపలోనే పుట్టి పెరిగిన మనిషి. నాకన్నా కొంచెం చిన్నవాడు. నేను భాయ్ అని పిలిచేదాన్ని. నాకు తెలియని వైద్యం ఎదురైనప్పుడల్లా తనకు తెలిసినట్టు మొహం పెట్టేవాడు. సగం సార్లు నిజంగానే తెలిసుండేది, అదే నాకు మంట.

నేనూ తొంగిచూసినా. చల్లని నీళ్లలో పాలరంగు జీవి. నాలుగు చిట్టి కాళ్లు, వెడల్పాటి తల. మొహంలో ఎప్పుడూ నవ్వుతున్నట్టు ఒక గీత. మెడకు అటు మూడు, ఇటు మూడు ఎర్రటి కుచ్చులు. ఆ కుచ్చుల మీదే తెల్లగా దూదిలాగా పట్టింది. పాతబడిన చీనీకాయ, అదే బత్తాయి, దాని మీద బూజు చూసినారు కదా, అచ్చం అట్లే.

"ఆక్సొలాటల్ అంటారంట డాక్టరమ్మా" అన్నాడాయన, పేరును పంటికింద రాయిలాగా జాగ్రత్తగా పలుకుతూ. "మాది కమలాపురం. చీనీతోట ఉండాది. ఇది మా పాపది."

భాయ్ రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు. "ఏం రాయమంటారు మేడమ్? పశువులా, మేకలా, కోళ్లా?"

"ఇతరములు అని రాయి" అని చెప్పి నేను స్టోరు రూములోకి పోయినా. పేషెంటును చూసిన డాక్టరు స్టోరు రూములోకి పోయినాడంటే అర్థమేమిటో మీకు తెలుసు. తలుపు దగ్గరికేసి, ఫోన్లో పావుగంట చదివినా. ఎక్కడో పరదేశంలో చల్లని చెరువుల జీవి. నీళ్లు పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉండాల. వేడెక్కితే నీరసపడతాది, నీరసపడితే బూజు పడతాది. బూజుకు ఉప్పునీళ్ల స్నానం. ఇంతేనా అనుకొని, పెద్ద స్పెషలిస్టు లాగా బయటికొచ్చినా.

"దీన్ని యాడ పెడతాండావప్పా?"

"హాల్లోనే, తొట్టిలో."

"ఏసీ ఉందా?"

"మా పడగ్గదిలో ఉండాది."

"ఈ పొద్దు నుంచి ఆ గది దానికి ఇయ్యి. ఫ్రిజ్జులో నీళ్ల బాటిలు గడ్డకట్టించి తొట్టిలో వేస్తా ఉండు. ఉత్త కల్లుప్పు తెచ్చి, లీటరు నీళ్లకు రెండు టీ చెంచాలు కలిపి, పొద్దున పది నిముషాలు, మాపటేల పది నిముషాలు దాన్ని అందులో పెట్టు. పదికి మించి పెట్టొద్దు."

ఇంతవరకూ నేను చెప్పింది సరైన వైద్యమే. ఆడికి ఆపేసుంటే ఈ కథే లేదు.

"ఏం నీళ్లు పోస్తాండావు?"

"బోరు నీళ్లమ్మా."

"బోరు నీళ్లా!" అని అరిచినా. వరసలో మేకలు కూడా తలెత్తి చూసినాయి.

నా పుట్టిల్లు నందికొట్కూరు. కాలువ నీళ్లు తాగి పెరిగినదాన్ని. కడప వచ్చిన కొత్తలో ఇక్కడి బోరు నీళ్లతో తలంటుకుంటే జుట్టు చీపురు పుల్లలైంది. పప్పు ఉడికేది కాదు. బకెట్టుకు తెల్లటి పొర, కొళాయికి తెల్లటి పొర, టీ గిన్నెకు తెల్లటి పొర. దానికి తోడు ఎద్దులకు, పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు. ఎన్ని రాళ్లు తీసినానో, తీసిన ప్రతిసారీ ఈ నీళ్లను ఎంత తిట్టినానో లెక్క లేదు. బోరు నీళ్లంటే నాకు పగ. డాక్టరుకు ఒక పగ ఉంటే అది మందుచీటీలోకి వచ్చేస్తుంది పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి.

"ఇట్లాంటి సుకుమారమైన జీవానికి ఆ సున్నపు నీళ్లు పోస్తావా? ఇరవై లీటర్ల క్యాన్లు వస్తాయి కదా, మిషనులో వడగట్టినవి, అవి పొయ్యి. బోరు నీళ్లు దాని ఛాయలకు రానీయొద్దు."

"బోరు నీళ్లు తాగే కదా మేడమ్ నేను ఇంతవాణ్ణయితి" అన్నాడు భాయ్ తన బొజ్జ నిమురుకుంటూ.

"భాయ్, నువ్వు ఊరికే ఉండు."

ఆయన పోలేదు. హాట్‌బాక్సు మూత పట్టుకొని నిలబడినాడు. "ఇది బతుకుతాది కదా డాక్టరమ్మా?" అన్నాడు. ఆ గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందనుకోలేదు నేను. కుర్చీ చూపించినా.

"పాపను డాక్టరు చదివించల్లని రెండేండ్లు కోచింగు పెట్టిస్తి. సీటు రాల్యా. మూడో ఏడు కూడా పో అంటే పోనన్న్యాది. తిరపతికి పోయి జువాలజీలో చేరింది. కప్పల్ను కోసే చదువు చదివి ఏం ఉద్ధరిస్తావు, నా పరువు తీస్తాండావు అని నలుగుర్లో అంటి. ఆ పొద్దు నుంచి నాతో మాట ల్యా. ఎనిమిది నెల్లు డాక్టరమ్మా! ఫోన్ చేస్తే వాళ్లమ్మకే చేస్తాది. మొన్న ఉగాదికి వచ్చి దీన్ని హాల్లో పెట్టి, హాస్టల్లో ఒప్పుకోవట్లేదు నాయనా, పరీక్షలయ్యేదాకా నువ్వే చూసుకోవల్ల అన్న్యాది. నాయనా అన్న్యాది! ఏనుగును తెచ్చి కట్టేసినా సాకుదును."

"మరి ఇంకేం, మాటలు కలిసినట్టే కదా?"

"యాడ కలిసినాయి? అంతే అన్న్యాది, బస్సెక్కి పోయింది. ఇప్పుడు ఇది సచ్చిపోతే నేను కావల్లనే సంపినా అనుకుంటాది. మళ్లా ఈ జన్మకు నాయనా అనదు."

"ఎట్ల చూసుకోవాలో చెప్పిపోలేదా? ఏమన్నా రాసిచ్చిందా?"

పల్చటి తెల్లచొక్కా. జేబులో మడిచిన కాగితం ఒకటి బయటికే కనబడుతోంది. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "ల్యా" అన్నాడు. ఏదో ఎరువుల బిల్లు అయ్యుంటుందిలే అని నేను పట్టించుకోలేదు.

పది రోజులకు మళ్లా వచ్చినాడు, నవ్వుతూ. కుచ్చుల మీద బూజు పోయింది. తోటలో డ్రిప్పు పైపుల కింద తడిమట్టి తవ్వి వానపాములు తీసి తినిపిస్తున్నాడంట. ఏసీ గది దానికిచ్చి, ఆయనా భార్యా మిద్దె మీద పడుకుంటున్నారంట. "మా ఇంటికి పెండ్లికొడుకు వచ్చినా ఇంత మర్యాద జరగదు" అని భార్య ఎత్తిపొడుస్తోందంట. మామిడిపండ్ల బుట్ట ఒకటి తెచ్చినాడు. నేను దాన్ని ఫోటో తీసి పై ఆఫీసరుకు పంపినా, తోటి డాక్టర్లకు పంపినా, మా ఆయనకు కూడా పంపినా. "ఇదేంది, బల్లికి జడలేసినట్టుండాది" అని ఆయన జవాబు.

ఇంకో వారానికి బూజు తిరిగొచ్చింది.

ఉప్పు స్నానం మళ్లా మొదలుపెట్టించినా. తగ్గింది. ఆపంగానే వచ్చింది. ఈసారి కుచ్చులు కూడా సన్నబడినాయి. వానపాము ఇస్తే మొహం తిప్పుకుంటోందంట. నాకు కోపం. డాక్టర్లమైన మనకు జబ్బు మీద కోపం వస్తే దాన్ని ఎవరి మీద చూపిస్తామో మీకు తెలుసు.

"నేను చెప్పినట్టు చేయట్లేదప్పా నువ్వు. బోరు నీళ్లు పోస్తున్నావు, నాకు తెలుసు."

ఆయన మొహం ఎర్రబడింది. "అమ్మతోడు డాక్టరమ్మా, ఒక్క చుక్క పోయల్యా. క్యాన్ల బండి వాడు నువ్వు హోటలు పెట్టినావా అని అడుగుతాండాడు. నన్ను ఎంతన్నా తిట్టండి. దాన్ని మాత్రం బతికించండి."

తిట్టినందుకు లోపల సిగ్గుపడినా. పైకి మాత్రం అనలేదు. అప్పుడే నేను ఒక ఫోన్ చేసి ఉండాల. చేయకపోవడానికి ఒక కారణముంది, అదీ చెప్తాను.

పదేండ్ల కింద ఒక పిల్లోడు మా దగ్గర ట్రైనింగు చేసినాడు. చురుకైనవాడు. వెళ్లిపోయే రోజు, "మేడమ్, నేను చేపలకూ తాబేళ్లకూ వైద్యం చేస్తా, ఆ లైను నేర్చుకుంటా" అన్నాడు. స్టాఫందరి ముందరా, "చేపకు జ్వరమొస్తే థర్మామీటరు యాడ పెడతావురా?" అని అడిగి పకపకా నవ్వినా. అందరూ నవ్వినారు. పిల్లోడు కూడా నవ్వినాడు గానీ, ఆ తర్వాత మళ్లా మా గడప తొక్కలేదు. ఇప్పుడు బెంగళూరులో పేరున్న డాక్టరు. నంబరు నా ఫోన్లో ఉంది. ఆక్సొలాటల్‌కు బూజు పట్టిందిరా, ఏం చేయాల అని నేను వాణ్ణి అడగాలా? నోరు రాలేదు. ఆ బెట్టు వల్లే ఇరవై రోజులు గడిచిపోయినాయి.

ఇక ఆ శుక్రవారం.

ఆసుపత్రి తెరిచేసరికే ఆయన మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. "ఎల్లుండి పొద్దున పాప దిగుతాది" అన్నాడు. మూత తీసినా. జీవం నీళ్ల మీద ఒక పక్కకు ఒరిగి తేలుతోంది. కుచ్చులు ముందరికి వంకర తిరిగినాయి. బూజు వీపు మీదికి, తోక మీదికి పాకింది. వేలితో నీళ్లు కదిలిస్తే ఒక కాలు మాత్రం ఆడించింది.

"ముందు నీళ్లు మార్చుదాం. క్యాను తెచ్చినావా?"

"మా పక్క కరెంటు లైన్ల పని జరుగుతాంది, నిన్నటి నుంచి మిషను నడవల్యా. యాడా క్యాను ల్యా డాక్టరమ్మా. మూడు ఊర్లు తిరిగితి. ఈడేమో అంగళ్లింకా తెరవల్యా."

భాయ్ మూలనున్న డ్రమ్ము చూపించినాడు. పశువుల కోసం ఎప్పుడూ బోరు నీళ్లు నింపి పెట్టే నీలం డ్రమ్ము. "ఇది ఉండాది కదా మేడమ్."

"దాన్ని చంపుతావా భాయ్?" అని గట్టిగా అరిచినా.

భాయ్‌కి కూడా ఆ పొద్దు కోపమొచ్చింది. నా సర్వీసులో భాయ్ నా మీద గొంతెత్తింది అదొక్కసారే. "చంపేది నేనా మేడమ్? అది ఎట్లాగూ పోతాండాది. మీకు తెలీదు, నాకూ తెలీదు. తెలిసిన పిల్లోడు ఉండాడు. ఫోన్ చెయ్యండి."

ఆ మనిషి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. పెద్ద పెద్ద చేతులతో హాట్‌బాక్సు అంచును పట్టుకొని ఉన్నాడు, చిన్నపిల్లను ఒడిలో పెట్టుకున్నట్టు. ఇక నా బెట్టు ఎవరికి కావాల? ఫోన్ తీసినా.

రెండు రింగులకే ఎత్తినాడు. "మేడమ్! మీరా! థర్మామీటరు యాడ పెట్టాలో కనుక్కునేకి చేసినారా?"

"తిట్టురా, తర్వాత తీరిగ్గా తిట్టు. ముందు ఇది విను" అని గబగబా అంతా చెప్పినా. స్పీకరు పెట్టినా. వాడు వింటూ వింటూ ఒకే ప్రశ్న వేసినాడు.

"ఏం నీళ్లు మేడమ్?"

"క్యాను నీళ్లు. మిషనులో వడగట్టినవి. ప్రాణం పోయినా బోరు నీళ్లు పోయనీయలేదు" అన్నా గొప్పగా.

అవతల నుంచి "అయ్యో మేడమ్" అన్నాడు. "ఆ నీళ్లలో ఉప్పూ సున్నమూ ఏమీ మిగలవు. ఇది సున్నమున్న గట్టి నీళ్ల జీవి. ఉత్త నీళ్లలో పెడితే దాని ఒంట్లో ఉప్పంతా బయటికి పోతాంటాది, చర్మం మీద జిగురు కరిగిపోతాంటాది. బూజు పట్టక ఏం చేస్తాది? మీరు ఉప్పు స్నానం చేయించిన పది నిముషాలే అది బతికుండేది. మేము ఈడ ఆ నీళ్లలో పొడులు కలిపి కలిపి మీ కడప బోరు నీళ్లు తయారు చేసుకుంటాండాము మేడమ్!"

భాయ్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

"ఒక్కసారిగా మార్చొద్దు. అది ఉన్న నీళ్లలోనే నిలవుండిన బోరు నీళ్లు గంటకింత కలపండి, సాయంత్రానికి సగం సగం చెయ్యండి, రేపటికి ముప్పాతిక. చల్లగా పెట్టండి. అంతకు మించి చేసేదేం లేదు. బతికితే బతుకుతాది."

ఆ రోజు ఆ హాట్‌బాక్సును నా గదిలో, నా కూలరు ముందర, నా బల్ల మీద పెట్టుకున్నా. వ్యాక్సిన్ల ఫ్రిజ్జులో బాటిళ్లు గడ్డకట్టించినాం. గంటకొకసారి భాయ్ డ్రమ్ములో ముంచుకొచ్చిన గ్లాసుడు నీళ్లు దేవుడికి అభిషేకం చేసినట్టు పోస్తున్నాడు. పోసిన ప్రతిసారీ "ఇదిగో తల్లీ, మనూరి నీళ్లు" అంటూ నా వైపు చూస్తున్నాడు. పడినా. మాట పడక ఏం చేస్తా?

మధ్యాహ్నం మేకలొచ్చినాయి, పోయినాయి. నేను టీకాలు వేస్తున్నా గానీ మనసంతా బల్ల మీదే. ఆయన అన్నం తినలేదు. నాలుగు దాటినాక, "డాక్టరమ్మా" అని పిలిచినాడు. పరుగెత్తినా. జీవం నీళ్ల అడుగున ఉంది. నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. కుచ్చులు వెనక్కి మళ్లి మెల్లగా ఆడుతున్నాయి. నవ్వు మొహం ఎట్లాగూ ఉండేదే, ఆ పొద్దు మాత్రం అది నిజంగానే నవ్వుతోందని నేను ప్రమాణం చేసి చెప్తాను. భాయ్ "అల్హందులిల్లా" అన్నాడు. నేను కుర్చీలో కూలబడినా.

అప్పుడాయన జేబులోంచి ఆ కాగితం తీసినాడు. అదే కాగితం. వచ్చిన ప్రతిసారీ చొక్కా మారింది గానీ జేబులో కాగితం మారలేదు. మడతల కాడ నలిగి, చెమటకు పసుపు రంగుకొచ్చింది.

"ఉగాది పొద్దు తొట్టి మీద పెట్టిపోయింది పాప. నేను అన్న మాటలకు జవాబు రాసిందేమో, అన్నీ తిట్లే ఉంటాయేమో అని తెరవల్యా. వాళ్లమ్మకు కూడా చూపించల్యా. ఎల్లుండి వస్తాది. ఏమని రాసిందో తెలీకుండా ఎట్ల ఎదురుపడేది? నాకు ధైర్యం చాలట్లేదు. మీరు చదవండి."

కండ్లద్దాలు పెట్టుకొని విప్పినా. గుండ్రటి అక్షరాలు. చదవడం మొదలుపెట్టినా, గట్టిగానే.

"ఒకటి. నీళ్లు చల్లగా ఉండల్ల, ఏసీ గదిలో పెట్టు. రెండు. మన బోరు నీళ్లే పొయ్యి, ఒక దినం బకెట్లో నిలవ పెట్టినాక. క్యాను నీళ్లు పొయ్యొద్దు నాయనా. నీకు ప్రేమ ఎక్కువై అవే పోస్తావని ముందే చెప్తాండా. మూడు. వానపాములు తోటలో డ్రిప్పు కింద ఉంటాయి. నాలుగు. బూజు పడితే కల్లుప్పు నీళ్లలో పది నిముషాలు."

నలభై రోజులుగా మేం వెతుకుతున్న వైద్యం మొత్తం నాకు రెండడుగుల దూరంలో, ఆ పల్చటి చొక్కా జేబులో ఉంది. ఆమెకు పందొమ్మిదో ఇరవయ్యో ఏండ్లు. నాకు ముప్పై మూడేండ్ల సర్వీసు.

"అంతేనా?" అన్నాడాయన.

"ఇంకొకటుంది. అయిదు. దీనికి ఎండ పడదు. నీకూ పడదు. బీపీ మాత్ర మానొద్దు. మిట్టమధ్యాహ్నం తోటలోకి పోవద్దు నాయనా."

ఆయన లేచి బయట కొళాయి కాడికి పోయినాడు. నీళ్లు తిప్పి మొహం కడుక్కున్నాడు, చానాసేపు కడుక్కున్నాడు. భాయ్ తన తువ్వాలు తీసుకొని పోయి పక్కన నిలబడినాడు. ఆ ఒక్కసారి జోకు వేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం ముందర కూర్చున్నప్పుడు కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల గొంతు, చానా కోపంగా ఉంది.

"డాక్టరు మేడమ్‌గారా? మా నాయన నా ఆక్సొలాటల్‌కు నెలరోజులు క్యాను నీళ్లు పోసినాడంట! ఎవరన్నా పోస్తారా మేడమ్? దాని కుచ్చులు చూడండి, ఎట్లయిపోయినాయో!"

నేను నోరు తెరిచే లోపలే వెనక నుంచి ఆ మీసానికి తగ్గ గొంతు, ఇల్లంతా మోగేట్టు వినబడింది.

"పోసింది నేనేలే పాపా! పొయ్యమని చెప్పింది ఎవరో అడుగు!"

"నువ్వు ఊరికే ఉండు నాయనా! నేను రాసిచ్చింది ఎందుకు చదవలేదు నువ్వు?"

"చదువుతాలే! ఇంక నువ్వేం రాసినా చదువుతా!"

ఇద్దరూ ఫోన్ ఉందన్న సంగతే మరిచిపోయి పోట్లాడుకుంటున్నారు. నేను చెయ్యి కడుక్కోకుండా, కూడు చల్లారుతున్నా వింటూ కూర్చున్నా. కాసేపటికి ఆ పిల్లకు నేను గుర్తొచ్చినా.

"మేడమ్, ఉన్నారా? ఇంతకూ ఎవరు చెప్పింది?"

"నేనేనమ్మా" అన్నా.